యెరూషలేమునకు పోయిన చందా

పఠన భాగములు: 1 కొరింథీ 16:1–4; 2 కొరింథీ 8, 9 అధ్యాయములు; రోమా 15:25–31

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పదునైదవ అధ్యాయమంతయు పునరుత్థానమును గూర్చినది. 58 వచనములలో అపొస్తలుడు మరణముపై క్రీస్తు పొందిన జయమును వర్ణించి, వెంటనే, ఊపిరి తీసికొనకుండనే అన్నట్లు, చందా విషయమునకు వచ్చుచున్నాడు. మన సంఘములలో ప్రసంగము ముగిసి కానుకల సంచి తిరుగునప్పుడు కొందరికి కలుగు ఇబ్బంది పౌలునకు లేదు. ఆయన దృష్టిలో పునరుత్థానుడైన ప్రభువు ఎవరికి ప్రభువో, వారి ధనసంచికిని ఆయనే ప్రభువు.

ఆ చందా దేనికి? యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు. కొరింథు వారిలో అనేకులు వారి ముఖమైనను చూచి యుండరు. భాష వేరు, ఆచారములు వేరు. అయినను ఆదివారమున ప్రతివాడును తన వర్ధిల్లిన కొలది కొంత తీసి యుంచవలెనని పౌలు ఏర్పాటు చేసెను. తాను వచ్చిన తరువాత హడావిడిగా పోగుచేయుట ఆయనకు ఇష్టము లేదు. వారము వారము తీసి యుంచిన కొద్దిపాటి సొమ్ము, ఉద్రేకములో ఒకనాడు పలికిన పెద్ద వాగ్దానము కంటె నమ్మదగినదని ఆయన ఎరిగియున్నాడు.

ఆ ఎరుక ఎంత అవసరమైనదో రెండవ పత్రిక చూపుచున్నది. కొరింథీయులు ఏడాది క్రిందటనే ఉత్సాహముతో మొదలుపెట్టిరి గాని ముగింపలేదు. మన కన్వెన్షను దినములలో లేచి నిలిచి మాట యిచ్చి, మరుసటి సంవత్సరము లెక్కల కాగితముపై బాకీదారులుగా మిగిలిన వారి సంగతి వంటిదే ఇది. పౌలు వారిని గద్దింపలేదు. మాసిదోనియ సంఘములను వారి యెదుట నిలిపెను. ఆ సంఘములు నిరుపేదలు, శ్రమలలో ఉన్నవారు; అయినను ఈ పరిచర్యలో పాలు తమకును కావలెనని బతిమాలుకొనిరి. ఇమ్మని అడుగువాడు బతిమాలుట మనమెరుగుదుము. ఇచ్చువాడే బతిమాలుట అరుదు. మొదట వారు తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొనిరి గనుకనే అట్లు చేయగలిగిరని పౌలు కారణము చెప్పుచున్నాడు.

రోమా పత్రికలో ఆయన మరియొక మాట వాడుచున్నాడు: ఋణము. అన్యజనులు యెరూషలేము వారి ఆత్మసంబంధమైన ఆస్తిలో పాలివారైరి గనుక శరీరసంబంధమైన వాటిలో వారికి సహాయము చేయ బద్ధులు. తెలుగు క్రైస్తవులు ఈ మాట యొద్ద కొంతసేపు ఆగవలెను. 1903లో తిరునెల్వేలి ప్రాంతపు తమిళ విశ్వాసులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఆ సొసైటీ సువార్తికులు వచ్చినది నాటి నైజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమునకే. అనగా వరంగల్లు దిక్కు పల్లెలలో కొందరి తాతముత్తాతలు సువార్త విన్నది, తెలుగు మాట రాని తమిళ గృహిణులును రైతులును ఇచ్చిన సొమ్ము వలన. సువార్త ధనము సముద్రము దాటియే వచ్చెనని తలంచువారు ఈ సంగతిని మరచుచున్నారు.

ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వి. యస్. అజరయ్య గారు తామే 1909లో దోర్నకల్‌కు వచ్చిరి. 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆయన మందలో అధికులు కూలినాలి చేసికొను నిరుపేదలు. బీదలు గనుక వారిని అడుగరాదని ఆయన అనలేదు. అడుగకపోవుట వారిని అవమానించుటయే. కోతకాలపు పండుగలలో ధాన్యము, కోడి, మేకపిల్ల, గ్రుడ్లు బలిపీఠము యొద్దకు వచ్చెను. క్రైస్తవుడు ఇచ్చు విధమును గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసిరి.

మిజోరాము పర్వతములలో 1910లో ఆరంభమైన ఒక ఆచారము ఇట్టిదే. వంట చేయు స్త్రీ ప్రతి పూటయు కుండలో వేయుటకు ముందు ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి యుంచును. ఆ బియ్యము సంఘమునకు చేరి, అమ్మబడి, పరిచర్యకు సొమ్మగును. నూరేండ్లు దాటినను ఆ పిడికిలి మూసికొనలేదు. పిడికెడు బియ్యము మన పల్లె సంఘముల స్త్రీలకును క్రొత్త కాదు. పట్టణములకు వచ్చి గ్యాసు పొయ్యిల యెదుట నిలిచిన తరువాతనే అనేకులకు అది మరపునకు వచ్చెను.

ఇక ఒక ఆక్షేపణ ఉన్నది. "ఇచ్చిన సొమ్ము ఎటు పోవుచున్నదో? కమిటీలలో తగవులు, కోర్టులలో వ్యాజ్యములు; మేమెందుకు ఇయ్యవలెను?" ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. తగవులు ఉన్నవి, వ్యాజ్యములును ఉన్నవి. అయితే చందా నిలిచినప్పుడు మొదట బాధపడునది తగవులాడువారు కారు. మూడు పల్లెలు సైకిలుపై తిరుగు ఉపదేశి ఇంటిలో బియ్యము నిండుకొనును. గురువుగారి బిడ్డల బడి రుసుము ఆగిపోవును. సువార్త ప్రచురించువారు సువార్త వలన జీవింపవలెనని ప్రభువు నియమించెనని 1 కొరింథీ 9:14 తెలుపుచున్నది. సంఘ పెద్దలకు కోపము వచ్చినప్పుడు ఆ నియమము రద్దగునని అక్కడ లేదు.

పౌలు ఈ ఆక్షేపణకు తప్పించుకొనలేదు. సొమ్మును తానొక్కడే మోయుటకు ఒప్పుకొనలేదు. కొరింథీయులు యోగ్యులని ఎంచినవారే పత్రికలతో దానిని కొనిపోవలెననెను. తీతుతోకూడ సంఘములన్నిటిలో పేరుపొందిన ఒక సహోదరుని, పలుమారు పరీక్షింపబడిన మరియొకని పంపెను. ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యమైనది చేయవలెనని కారణము చెప్పెను. అపొస్తలుడే లెక్క చూపగా, మన కోశాధికారులు సంవత్సరపు లెక్కలు సంఘము యెదుట చదువుటకు చిన్నబోనక్కరలేదు. అడుగు విశ్వాసిని విరోధిగా చూడనక్కరలేదు.

అపొస్తలుల కార్యములు 20:4లో ఆయన తోడి ప్రయాణికుల పేర్లున్నవి: బెరయవాడైన సోపత్రు, థెస్సలొనీకయులైన అరిస్తర్కు, సెకుందు, దెర్బేవాడైన గాయియు, తిమోతి, ఆసియవారైన తుకికు, త్రోఫిము. చందా సంగతి లూకా అక్కడ చెప్పలేదు గాని, ఇందరు ఇన్ని ఊళ్లనుండి కలిసి పోవుట అందుకేయని తలంచుట సమంజసము. దారిలో సంకెళ్లు వేచియున్నవని అగబు ముందుగా తెలిపినను పౌలు మరలిపోలేదు. తన పరిచర్య పరిశుద్ధులకు ప్రీతికరమగునట్లు ప్రార్థింపుడని రోమీయులను అంతకు ముందే వేడుకొనెను. ఇచ్చుటలోనే గాక పుచ్చుకొనుటలోను హృదయము కఠినపడవచ్చునని ఆయనకు తెలియును. యెరూషలేము వారు దానిని ఎట్లు స్వీకరించిరో లూకా వ్రాయలేదు. ఫేలిక్సు యెదుట బంధితుడై నిలిచినప్పుడు మాత్రము, తన స్వజనులకు దానద్రవ్యము తెచ్చుటకు వచ్చితినని పౌలు ఒక్క మాటలో చెప్పి, తరువాతి సంగతికి పోయెను.