ఏజెంట్ ముందు పది నిమిషాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చాయి. ఇంగ్లిష్‌లో రాస్తున్న మనవాళ్లు అక్కడి రైటర్స్ కాన్ఫరెన్సులకు డబ్బు కడుతున్నారు, కట్టాక కంగారు పడుతున్నారు. మన ఊళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలు కూడా చేర్చాను.

ప్రశ్న: మా ఒంగోలు వైపు పొగాకు రైతుల మీద ఇంగ్లిష్‌లో నవల రాశాను. 1,40,000 పదాలు వచ్చింది. వచ్చే నెల ఒక కాన్ఫరెన్స్‌లో, పుస్తకాలను ప్రచురణకర్తలకు అమ్మిపెట్టే లిటరరీ ఏజెంట్‌తో పది నిమిషాల పిచ్, అంటే నవల గురించి చెప్పుకునే అవకాశం, దొరికింది. మూడు తరాల కథ పది నిమిషాల్లో ఎలా ఇముడుతుంది? – ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇమడదు. ఇమడ్చనక్కర్లేదు కూడా. మీ నవల బాగుందో లేదో ఆ పది నిమిషాల్లో ఏజెంట్ తేల్చరు. వారి ముందు ఒక్క పేజీ కూడా ఉండదు కదా! తేల్చుకునేది ఒక్కటే: ఈయన్ని కొన్ని పేజీలు పంపమందామా, వద్దా? మీకు అక్కడ కావాల్సిందీ అంతే.

మీరు జతచేసిన పరిచయం చదివాను. ‘మారుతున్న గ్రామీణ జీవితం, మానవ సంబంధాల్లోని సంక్లిష్టత, వలస, అస్తిత్వం’ అని మొదలుపెట్టారు. సన్మానసభలో ముఖ్య అతిథి ప్రసంగంలా ఉంది. అందులో పొగాకు లేదు, ఒంగోలు లేదు, మనిషి అసలే లేడు. మూడో పేరాలో మాత్రం ఒక మంచి సంగతి దాక్కుని ఉంది. దాన్ని ముందుకు తెండి. ఇలా చెప్పి చూడండి:

‘ఒంగోలు దగ్గర పల్లెలో అప్పులకు జడిసి ఒక రైతు రాత్రికి రాత్రి ఊరొదిలి పోతాడు. పొయ్యి మండుతున్న బ్యారన్, అందులో సగం ఆరిన ఆకు, పంతొమ్మిదేళ్ల కూతురు మిగులుతారు. ఆకు బేళ్లు కట్టి వేలానికి చేర్చేదాకా అప్పులవాళ్ల చేతికి చిక్కకుండా చూడాలి. తాను కాపాడుతున్న పంట తమది కాదని ఆమెకు సగం దారిలో తెలుస్తుంది.’

ఇంగ్లిష్‌లో ఇది అర నిమిషం పడుతుంది. చెప్పి ఆగిపోండి. మనవాళ్లకు కష్టమైంది ఈ ఆగడమే. నిశ్శబ్దం రాగానే తాతగారి కథ ఎత్తుకుంటారు. ఏజెంట్‌ని అడగనివ్వండి. నవల పూర్తయిందా, ఎన్ని పదాలు, ఈమధ్య వచ్చిన ఏ పుస్తకాల పక్కన దీన్ని పెట్టొచ్చు, మీరెవరు, దీన్ని మీరే ఎందుకు రాయాలి – ఇంచుమించు ఇవే అడుగుతారు. పోలికకు గత నాలుగైదేళ్లలో వచ్చిన నవలలు రెండు సిద్ధంగా ఉంచుకోండి. ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ పేరు మాత్రం ఎత్తకండి. అది 1997 నాటిది, పైగా మన దేశం వాళ్లు చాలామంది దాని పేరే చెప్తారు.

పదాల సంగతి: అక్కడ మొదటి నవల మామూలుగా 80,000 నుంచి 1,00,000 పదాల మధ్య ఉండాలని చూస్తారు. 1,40,000 అనగానే ‘ఈయన ఇంకా దిద్దుకోలేదు’ అనుకుంటారు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, మూడో తరాన్ని తీసేయండి. అమెరికాలో జరిగే ఆ భాగాన్ని రెండో నవలకు దాచుకోవచ్చు. నవల సగంలో ఉంటే అసలు పిచ్‌కి వెళ్లొద్దు. కథేతర పుస్తకమైతే ప్రతిపాదన, ఒకటి రెండు అధ్యాయాలు చాలు గానీ, నవల మొత్తం చేతిలో ఉండాలి.

కాగితాల కట్ట మోసుకెళ్లకండి, ఎవరూ తీసుకోరు. ‘పంపండి’ అంటే ఎన్ని పేజీలు, ఏ మెయిల్‌కి, అటాచ్‌మెంటా లేక మెయిల్లోనే అతికించాలా అని అడిగి అక్కడే రాసుకోండి. సబ్జెక్ట్ లైన్లో కాన్ఫరెన్స్ పేరు, మీరు అడిగిన పేజీలు ఇవి అన్న మాట ఉండాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి కాదనలేక ‘పంపండి’ అనే ఏజెంట్లు చాలామంది ఉంటారు. కాబట్టి ఆ మాట వినగానే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి.

ప్రశ్న: పిచ్ దొరకలేదు. భోజనాల దగ్గర ఏజెంట్‌ని పలకరించవచ్చా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నిక్షేపంగా. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అడిగి కూర్చోండి. పొద్దున వారు చేసిన ప్రసంగం గురించో, తింటున్నదాని గురించో మాట్లాడండి. కాసేపటికి ‘మీరేం రాస్తున్నారు?’ అని వారే అడుగుతారు, అది వారి వృత్తి. అప్పుడు ఒక్క వాక్యం చెప్పండి. బాత్రూమ్ తలుపు కింద నుంచి రాతప్రతి లోపలికి తోసిన రచయిత కథ అక్కడి ఏజెంట్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ జాబితాలో చేరకపోతే చాలు.

ప్రశ్న: ఇన్ని కాన్ఫరెన్సుల్లో దేనికి వెళ్లాలి? తానా, ఆటా సభల్లో కూడా ఏజెంట్లు ఉంటారా? – ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: తానా, ఆటా సభల్లో తెలుగు రచయితలు దొరుకుతారు, సాహిత్య గోష్ఠులు బాగుంటాయి. ఏజెంట్ కోసం మాత్రం వెళ్లకండి.

ఏడబ్ల్యూపీ ఏటా ఒక్కో నగరంలో జరిగే పెద్ద జాతర. వేలమంది వస్తారు. అందులో ఎక్కువమంది సృజనాత్మక రచన బోధించేవాళ్లు, కవులు, చిన్న పత్రికలవాళ్లు. అక్కడి పుస్తక ప్రదర్శనలో బల్లల వెనక కూర్చునేది తరచుగా ఆ పత్రికల సంపాదకులే. ఏజెంట్ అక్కర్లేకుండా చదివే చిన్న ప్రచురణ సంస్థలూ ఉంటాయి. కథలు, కవితలు రాసేవారు అక్కడికి వెళ్లాలి. వెర్మాంట్ కొండల్లో 1926 నుంచి జరుగుతున్న బ్రెడ్ లోఫ్ వేరే రకం. రచన చూసి ఎంపిక చేస్తారు, రోజుల తరబడి అందరూ ఒకే చోట ఉంటారు. ఇక డబ్బు కట్టిన వారందరికీ పిచ్ ఇచ్చే నగర స్థాయి కాన్ఫరెన్సులు. మొదటిసారికి ఇంటి దగ్గరున్న అలాంటిదొకటి చాలు, హోటల్ ఖర్చు మిగులుతుంది.

కట్టేముందు ఒక పని చేయండి. మీ నవలకు దగ్గరగా ఉన్న పుస్తకాలు తీసి చివర కృతజ్ఞతల పేజీ చూడండి. రచయితలు సాధారణంగా తమ ఏజెంట్ పేరు అక్కడ చెప్తారు. ఆ పేర్లున్న కాన్ఫరెన్సే మీ కాన్ఫరెన్స్. వంటల పుస్తకాలు అమ్మే ఏజెంట్ ముందు గోదావరి వరదల నవల పెట్టి లాభం లేదు.

ప్రశ్న: కాన్ఫరెన్స్‌లో కలిసిన ఒకాయన తర్వాత మెయిల్ పెట్టారు. నా నవల అద్భుతమట, 1,500 డాలర్లు కడితే ఎడిటింగ్ చేయించి ప్రచురణకర్తలకు చూపిస్తారట. కట్టమంటారా? – ఒక పాఠకురాలు, సియాటిల్

జవాబు: వద్దు. ఏజెంట్‌కి డబ్బు పుస్తకం అమ్ముడయ్యాకే వస్తుంది. మీకు రావాల్సిన దాంట్లోంచి అమెరికాలో మామూలుగా 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం తీసుకుంటారు. చదవడానికి రుసుము తీసుకోకూడదని అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ తన సభ్యులకు నియమం పెట్టింది. పిచ్ కోసం మీరు కట్టింది కాన్ఫరెన్స్ నిర్వాహకులకు. అది వేరు, ఇది వేరు.

ఇంకో మాట. పేరున్న ఏజెంట్ల పేరుతో దొంగ మెయిళ్లు పంపేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఆ మెయిల్ వచ్చిన అడ్రస్‌నీ, ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌నీ అక్షరం అక్షరం పోల్చండి. ఇలాంటి మోసాలను బయటపెట్టే ‘రైటర్ బివేర్’ అనే సైటు ఉంది, అక్కడా వెతకండి. మీ నవల నిజంగా అద్భుతమేమో, నేను చదవలేదు. ఆయన కూడా చదివి ఉండరనే నా అనుమానం. మెయిల్లో ఒక్క పాత్ర పేరైనా ఉందా?

ప్రశ్న: నేను తెలుగులోనే రాస్తాను. మనకి ఏజెంట్లు ఎందుకు లేరు? సంపాదకుల్ని, ప్రచురణకర్తల్ని ఎక్కడ కలవాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏజెంట్ బతికేది రచయిత ఆదాయంలో వాటా మీద. ఐదొందలో వెయ్యో కాపీలు వేసి, అవి అమ్ముడుపోయేసరికి ఏళ్లు పట్టే చోట పదిహేను శాతం ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. చాలాసార్లు అచ్చు ఖర్చు కూడా రచయితదే.

దీనివల్ల మనకొక సౌకర్యం ఉంది. మధ్యలో ఎవరూ లేరు. జనవరిలో మీ ఊళ్లోనే పుస్తక మహోత్సవం జరుగుతుంది, డిసెంబర్ వైపు హైదరాబాద్‌లో బుక్ ఫెయిర్. అక్కడ స్టాల్లో బిల్లు రాసిస్తున్న మనిషే చాలాసార్లు ప్రచురణకర్త. ఆదివారం సాయంత్రం వెళ్లకండి, జనం ఉంటారు, చిల్లర గొడవ ఉంటుంది, మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. ముందు వారు వేసిన పుస్తకం ఒకటి కొని, దాని గురించి మాట్లాడండి. ‘సార్, నా దగ్గర ఒక నవల ఉంది, రెండు అధ్యాయాలు పంపనా?’ అనండి చాలు. ‘దీపావళి తర్వాత ఫోన్ చేయండి’ అంటే అది మర్యాదగా కాదనడం కావచ్చు, నిజంగానే తీరిక లేకపోవడం కావచ్చు. ఒకసారి చేసి చూడండి.

వేస్తామంటే మూడు అడగండి. ఎడిటింగ్ అంటే మీ ఉద్దేశం ఏమిటి, కథలో మార్పులు సూచిస్తారా, ప్రూఫులు మాత్రం చూస్తారా? కాపీలు ఎన్ని? కాగితం మీద ఒప్పందం ఉంటుందా? ఈ మూడోది అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా లెక్క. ఆడియో, సినిమా, వెబ్ సిరీస్, అనువాద హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. అచ్చుహక్కు ఇవ్వడమంటే అన్నీ రాసిచ్చేయడం కాదు.

ప్రశ్న: ఒక పాత తెలుగు నవలను ఇంగ్లిష్‌లోకి అనువదిస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక సాహిత్య ఉత్సవంలో ఇంగ్లిష్ ప్రచురణ సంస్థ ఎడిటర్ పరిచయమై ‘చూపించండి’ అన్నారు. మొత్తం పంపేయనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు హక్కుల సంగతి తేల్చుకోండి. ఆ ఎడిటర్ మొట్టమొదట అడిగేది అదే. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. 1915లో పోయిన గురజాడ రచనల మీద ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా అడగాల్సిందే. వారసులు నలుగురుంటే నలుగురి సంతకాలూ తీసుకోండి. ‘మా అన్నయ్య ఒప్పుకున్నాడు’ అన్న ఫోన్ మాట చెల్లదు.

తర్వాత పాతిక ముప్ఫై పేజీల అనువాదం, రెండు పేజీల్లో మొత్తం కథ, ముగింపు దాచకుండా, ఇంకో పేజీలో ఈ నవల ఇవాళ ఇంగ్లిష్‌లో ఎందుకు రావాలో – ఇవి పంపండి. మొదటి అధ్యాయమే పంపాలని లేదు. నవలలో గొంతు బాగా వినిపించే చోటు ఎంచుకోండి. ‘ఆంధ్రుల అభిమాన రచయిత’ లాంటి మాటలు ఢిల్లీలో కూర్చున్న ఎడిటర్‌కి ఏమీ చెప్పవు. ఓల్గా ‘విముక్త’ ఇంగ్లిష్‌లో ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’గా 2016లో వచ్చింది. రామాయణం తెలిసిన ఏ పాఠకుడికైనా ఆ పేరు చూడగానే పుస్తకం దేని గురించో అర్థమవుతుంది. మీ నవలకూ అలాంటి తలుపు ఏదో వెతకండి.

పారితోషికం గురించి అడగడానికి జంకకండి, కవరు మీద మీ పేరు ఉంటుందా అనీ అడగండి. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ గెలిచిన కన్నడ కథల పుస్తకం ‘హార్ట్ ల్యాంప్’ బహుమతి 50,000 పౌండ్లు. రచయిత్రి బాను ముష్తాక్‌కి సగం, అనువాదకురాలు దీపా భస్తికి సగం.

ప్రశ్న: కాన్ఫరెన్స్‌లో ఏజెంట్ ఎంతో ఉత్సాహంగా యాభై పేజీలు అడిగారు. పంపి మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. వేరేవాళ్లకు పంపితే తప్పా? – ఒక పాఠకుడు, చికాగో

జవాబు: తప్పేమీ కాదు, మూడు నెలల క్రితమే పంపాల్సింది. ఒకేసారి పదిమంది ఏజెంట్లకు పంపడం అక్కడ మామూలే. వారి వెబ్‌సైట్‌లో ఎన్నాళ్లలో జవాబిస్తామన్నారో చూసి, ఆ గడువు దాటితే నాలుగు లైన్ల మెయిల్ ఒకటి పెట్టండి. దానికీ జవాబు రాకపోతే, అది కాదన్నట్టే. కారణం అడుగుతూ మళ్లీ రాయొద్దు. ఎవరైనా ఒప్పుకుంటే మాత్రం మీ పేజీలు ఇంకా చదువుతున్న మిగతా ఏజెంట్లందరికీ ఆ రోజే తెలియజేసి, రెండు వారాల గడువు ఇవ్వండి. మూడు నెలలు మౌనంగా ఉన్నవారు అప్పుడు మర్నాడే జవాబు రాస్తారు.