బోనులోని పులి, సింహాలకు మత్తు: విరుగుడు మందు ఇచ్చే వేళ

2021 ఏప్రిల్‌లో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో శ్వాస ఇబ్బందితో ఉన్న ఎనిమిది ఆసియా సింహాలకు మత్తు ఇచ్చి, ముక్కు, గొంతు నమూనాలు సేకరించి సి.సి.ఎం.బి.కి పంపారు. మనిషికి నిమిషంలో ముగిసే పరీక్షకు సింహాన్ని పూర్తిగా మత్తులో ఉంచవలసి వచ్చింది. మత్తు ఎక్కించడం గురించి విద్యార్థులు చాలా చదువుతారు. దింపడంపై శ్రద్ధ తక్కువ.

ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉన్నవి జైలజిన్, కెటామిన్. కెటామిన్ ఒక్కటే ఇస్తే కండరాలు బిగుసుకుంటాయి, మూర్ఛలు రావచ్చు. జైలజిన్ ఒక్కటే ఇస్తే జంతువు నిద్రించినట్లే కనిపిస్తుంది. కానీ శబ్దానికో స్పర్శకో ఉలిక్కిపడి లేచి కరవగలదు. రెండింటినీ కలిపితే ఒకదాని లోపాన్ని మరొకటి సరిదిద్దుతుంది. మ్యూనిక్‌లోని హెలాబ్రున్ జంతు ప్రదర్శనశాల పేరుతో ప్రసిద్ధమైన మిశ్రమంలో మిల్లీలీటరుకు 125 మి.గ్రా. జైలజిన్, 100 మి.గ్రా. కెటామిన్ ఉంటాయి. ఇంత గాఢంగా ఉండటం వల్ల చిన్న డార్టులోనే సరిపోతుంది. మోతాదు శరీర బరువుపై ఆధారపడుతుంది. పంట దిగుబడిని కంటితోనే అంచనా కట్టే అలవాటు మన వ్యవసాయ శాస్త్రజ్ఞులలో కొందరికి ఉంది. ఇక్కడ తూకం ఉన్నచోట తూకమే వేయాలి.

జైలజిన్ వల్ల పిల్లిజాతి జంతువులకు వాంతులవుతాయి కనుక ముందురోజు నుంచే మేత ఆపాలి. మత్తులో శరీరం తన ఉష్ణోగ్రతను నియంత్రించుకోలేదు కనుక మన వేసవిలో ఈ పనిని తెల్లవారుజామునే చేపట్టాలి. కళ్లు తెరుచుకునే ఉంటాయి. లేపనం రాసి గుడ్డ కప్పాలి.

ఇక విరుగుడు. యోహింబిన్, అటిపమెజోల్ జైలజిన్ ప్రభావాన్ని మాత్రమే తొలగిస్తాయి. కెటామిన్‌కు విరుగుడు లేదు. శరీరం దానిని విసర్జించేవరకు ఆగడమే మార్గం. పని ముగిసిందని వెంటనే విరుగుడు ఇస్తే జైలజిన్ రక్షణ తొలగి, కెటామిన్ ఒంటరిగా మిగులుతుంది. మొదట చెప్పిన బిగుసుకుపోవడం, మూర్ఛలు అప్పుడే తలెత్తుతాయి. అందువల్ల చివరి కెటామిన్ మోతాదు ఇచ్చిన సమయాన్ని తప్పక నమోదు చేసి, కనీసం అరగంట గడిచాకే విరుగుడు ఇవ్వడం మేలు. నమూనా సేకరణ పది నిమిషాల్లో ముగిసినా, మిగతా సమయం శ్వాస, నాడి, ఉష్ణోగ్రత గమనిస్తూ వేచి ఉండవలసిందే.

విరుగుడు ఇచ్చాక మనుషులందరూ బయటికి వచ్చి తలుపు మూయాలి. జంతువు తూలకుండా నడిచేవరకు దానిని చీకటి గదిలో ఒంటరిగా, నీటి తొట్టి లేకుండా ఉంచాలి.