పెరటిలో రంగుల గోబీపువ్వు

గోబీపువ్వు తెల్లగా నుండిననే శ్రేష్ఠమని మనలో ననేకుల నమ్మకము. కాని తెలుపొక్కటే యా మొక్కకు గల వర్ణము కాదు. ఇటలీదేశమున ఊదా, ఆకుపచ్చ రకములు చిరకాలముగా సాగులో నున్నవి. మన దేశమునకు 1822వ సంవత్సరమున సహారన్‌పూరు కంపెనీతోటకు ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముతో ఈ పైరు ప్రారంభమైనది. పిదప తెల్లరకములే వ్యాపించినవి.

బాలాపూరు, శంషాబాదు ప్రాంతములలో, విశేషించి 2008లో విమానాశ్రయము తెఱచిన పిమ్మట, పొలములు పలుచోట్ల ఇండ్లస్థలములైనవి. ఎకరములలో కూరలు పండించిన కొన్ని కుటుంబములకు నేడు మిగిలినది ఇంటివెనుక నాలుగు మళ్లే. అట్టి కొద్దినేలలో, అంగడిలో చవుకగా దొరకు తెల్లపువ్వుకంటె, అరుదుగా దొరకు రంగుపువ్వును పెంచుట మేలని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

రంగులకు హేతువు

నారింజరంగు పువ్వు మొదట 1970లో కెనడాదేశపు పొలమొకదానిలో తనంతట బయలుపడినది. క్యారెట్టునందుండు కెరోటీనే దాని రంగునకు కారణము. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఈ గుణమును మన రకములలోనికి తెచ్చి, 2015–16లో ‘పూసా బీటా కేసరి 1’ అను రకమును విడుదల చేసిరి. ఇందు కిలోకు 8 మొదలు 10 మిల్లీగ్రాముల బీటాకెరోటీను కలదు. తెల్లపువ్వున నది లేనట్లే. ఇది కంటికి మేలు చేయునదే గాని, మునగాకునందు ఇంతకు పెక్కురెట్లు కలదని మఱవరాదు. ఊదాపువ్వునకు రంగునిచ్చునది నేరేడుపండ్లలో నుండు వర్ణద్రవ్యము. ఆకుపచ్చపువ్వునకు పత్రహరితమే రంగు.

కాలనిర్ణయము

ఈ సాగున జయాపజయములు ఒక్క నెల వ్యవధిపై నాధారపడియున్నవి. పెక్కు రంగురకములు చలి కోరునవి. పువ్వు కట్టునపుడు సుమారు 16 మొదలు 20 డిగ్రీల వాతావరణము వాటికి హితము. మనకు రాత్రులు తగినంత చల్లబడునది డిసెంబరు, జనవరి నెలలలోనే. కావున సెప్టెంబరు నడిమినుండి అక్టోబరు నడిమివఱకు నారు పోసి, 25 మొదలు 30 దినముల నారును నాటవలెను. ఆలస్యమైనచో పువ్వు ఎండలో విడిపోయి, నూగుపట్టి చెడును. పైన జెప్పిన పూసా రకము ఢిల్లీ ప్రాంతమునకై విడుదలయైనది; మన యెండల కెట్లు తాళునో మనమే కొద్దిమొక్కలతో పరీక్షింపవలెను.

నేల, నాటు

మన ఎఱ్ఱచల్కలు త్వరగా ఆరిపోవును. మడిలో చివికిన పశువుల ఎరువును విరివిగా కలుపవలెను. అడుగున్నర యెడమున నాటిన, ఇరువది మొక్కలకు అయిదు చదరపు గజములు చాలును. ముదిరిన నారు నాటినను, నత్రజని చాలకున్నను బొత్తామువంటి చిన్నపువ్వు కట్టి పెరుగుట నిలిచిపోవును. బోరాను లోపించిన పువ్వు గోధుమవర్ణము దాల్చి కాడ బోలగును. ఈ లోపము కనబడిన మడికి, చిన్న చెంచాకు మించని వెలిగారమును నీటిలో కరగించి సమముగా చల్లవలెను. ఎక్కువైన నదియే విషమగును.

తెల్లపువ్వునకు ఆకులు మడిచి కప్పుట మనవారి యలవాటు. ఊదా, ఆకుపచ్చ రకముల కిట్లు చేయరాదు. వెలుతురు తగిలిననే వాటికి రంగు తిరుగును.

పురుగులు

వజ్రపు రెక్కపురుగు ఆకులను జల్లెడ చేయును. మడిచుట్టు పది దినములు ముందుగా ఆవాలు చల్లిన, తల్లిపురుగులు వానిపై గ్రుడ్లు పెట్టును. లీటరు నీటిలో 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానవేసి, వడకట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

కోత, వంట

పువ్వు గట్టిగా నుండగనే కోయవలెను. ఇంకను పెరుగునని వేచియున్న విడిపోవును. ఊదారంగు నీటిలో కరగునది గావున ఉడికించిన వెలిసిపోవును. కొంచెము చింతపండో, నిమ్మరసమో చేర్చిన ఎఱుపుదేఱి నిలుచును. వంటసోడా వేసిన నీలమగును. నారింజపువ్వు ఉడికినను రంగు విడువదు. దాని సారము కొవ్వుతోగాని ఒంటబట్టదు గనుక నూనెపోపుతో వండుట యుక్తము.

సభ్యులకు సూచన

రంగుల విత్తనము ప్రియమైనది. సంకరరకమైనచో దాని పంటనుండి తీసిన విత్తనము తల్లిని పోలదు, ఏటేట కొనకతప్పదు. కాని గ్రాము విత్తనమున సుమారు 300 గింజలుండును. ఇంటికి ఇరువది మొక్కల లెక్కన అది పదియిండ్లకు చాలును. కావున పదిమంది కలిసి పొట్లము కొని, ఒక్కచోట నారు పోసి పంచుకొనుట లాభకరము. అమ్మకమునకై ఎకరము వేయదలచినవారు మొదటి యేడు పెరటిమడితో తృప్తిపడి, ముందుగా కొనువారిని విచారించుకొనవలెను. వింతచూచి మెచ్చినవారందఱును వెలయిచ్చి కొనరు. విత్తిన, నాటిన, పువ్వు కనబడిన, కోసిన తేదీలను, పువ్వు తూకమును ప్రతి యింటివారును వ్రాసియుంచినచో, వచ్చే భాద్రపదమున విత్తనము కొనునాటికి ఏ రకము మన నేలకు తగునో మన లెక్కలే చెప్పగలవు.