హీబ్రూ సపోర్ట్ టికెట్ మీ చేతికొస్తే

వికీ మీదో, డాక్యుమెంటేషన్ టూల్ మీదో పనిచేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు "హీబ్రూ సపోర్ట్ కావాలి" అనే టికెట్ వస్తుంది. పేజీకి డిర్ ఆట్రిబ్యూట్‌లో ఆర్‌టీఎల్ (కుడి నుంచి ఎడమకు) అని పెడితే అయిపోతుందనుకుని చాలామంది రెండు రోజుల ఎస్టిమేట్ ఇచ్చేస్తారు. పెట్టగానే మెనూ ఎడమ నుంచి కుడికి మారుతుంది, డెమోలో అందరూ భేష్ అంటారు. అసలు బగ్గులు జనం వాడటం మొదలుపెట్టాక వస్తాయి. పేజీ మొత్తానికి ఒకే దిశ ఉంటుందనుకోవడమే దీనికి మూలం. పేజీలోని ప్రతి టెక్స్ట్ ముక్కకీ దాని భాషను బట్టి సొంత దిశ ఉంటుంది. డేటాబేస్ దగ్గర్నుంచి ఐకాన్ల దాకా ప్రతి నిర్ణయమూ ఈ మాట మీదే నిలబడాలి.

ముందు రెండు భాషలను విడదీయండి

వికీలో యూజర్ ఎంచుకున్న ఇంటర్‌ఫేస్ భాష ఒకటి, పేజీలో ఉన్న కంటెంట్ భాష ఇంకొకటి. టెల్ అవీవ్ ఆఫీసులో ఒక ఇంజినీరు మెనూలన్నీ హీబ్రూలో పెట్టుకుని, ఇంగ్లిష్‌లో రాసిన ఇన్‌స్టలేషన్ గైడ్ చదువుతారు. అప్పుడు మెనూ కుడివైపు ఉండాలి, గైడ్‌లోని పేరాలు ఎడమ నుంచే మొదలవ్వాలి. హీబ్రూ వికీపీడియా 2003లోనే మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీలో కంటెంట్ దిశను ఇంటర్‌ఫేస్ దిశ నుంచి వేరుచేసే పని పెద్ద ఎత్తున జరిగింది 2011లో వచ్చిన 1.18 వెర్షన్‌లో. కోడ్ బాగా పెరిగిపోయాక ఈ మార్పు చాలా చోట్ల చెయ్యి పెట్టిస్తుంది. కాబట్టి మీ టూల్ చిన్నగా ఉన్నప్పుడే పేజీ టేబుల్‌లో భాషకు ఒక కాలమ్ పెట్టించండి. దిశను ఆ భాష నుంచి కోడే తేల్చుకోవాలి.

ఇంకో హెచ్చరిక: హీబ్రూ అక్షరాలను తిరగేసి నిల్వ చేయకండి. యూనికోడ్‌లో టెక్స్ట్ చదివే వరసలోనే ఉంటుంది. తెరమీద ఏది ఎటువైపు రావాలో బ్రౌజర్‌లోని ద్విదిశా అల్గారిథమ్ చూసుకుంటుంది. స్ట్రింగ్‌ను చేత్తో తిప్పితే సెర్చ్, సార్టింగ్, కాపీ-పేస్ట్ అన్నీ పాడవుతాయి.

గుర్తులు, అంకెల దగ్గర ఆగి చూడండి

హీబ్రూలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. బ్రాకెట్, కోలన్, ప్లస్, మైనస్ వంటి గుర్తులకు గట్టి దిశ లేదు, పక్కనున్న టెక్స్ట్‌ను బట్టి అవి స్థానం మార్చుకుంటాయి. పేజీ హిస్టరీలో "25 బైట్లు తగ్గాయి" అని చూపడానికి మైనస్ 25 రాస్తాం. ఆర్‌టీఎల్ పేజీలో దాన్ని అలాగే వదిలేస్తే మైనస్ గుర్తు 25కి కుడివైపుకు పోతుంది. అందుకే మీడియావికీ ఆ సంఖ్యను విడిగా ఒక స్పాన్‌లో పెట్టి, దానికి ఎడమ నుంచి కుడికి అని దిశ ఇస్తుంది.

యూజర్ పేర్లదీ ఇదే కథ. ఇంగ్లిష్ ఇంటర్‌ఫేస్‌లో హీబ్రూ పేరు, కోలన్, 3 ఎడిట్లు అనే వరస ఉందనుకోండి. ఆ 3 పేరుకు ఎడమవైపుకు గెంతుతుంది, ఎడిట్లు అనే మాట కుడివైపు ఒంటరిగా మిగులుతుంది. బయటి నుంచి వచ్చే ప్రతి పేరునూ, టైటిల్‌నూ బీడీఐ ట్యాగ్‌లో చుట్టండి. దాంతో లోపలి దిశ బయటి వాక్యాన్ని తాకదు. కంటెంట్ ఏ భాషో ముందుగా తెలియని కామెంట్లకు, ఎడిట్ సమ్మరీలకు డిర్ ఆటో వాడండి. మెయిల్ సబ్జెక్ట్ లైన్ వంటి చోట ట్యాగులు పనిచేయవు. అక్కడ 2013లో యూనికోడ్ 6.3తో వచ్చిన ఐసొలేట్ క్యారెక్టర్లు పనికొస్తాయి.

కంటికి కనపడని ఇలాంటి క్యారెక్టర్లు కాపీ-పేస్ట్‌లో పేజీ టైటిల్‌లోకి కూడా జారుకుంటాయి. అప్పుడు చూడటానికి ఒకేలా ఉండే రెండు పేజీలు పుడతాయి, లింకులు తప్పుతాయి. మీడియావికీ టైటిల్‌ను సేవ్ చేసే ముందే దిశను మార్చే క్యారెక్టర్లను తీసేస్తుంది. మీరూ అదే చేయండి.

లేఅవుట్‌లో ఎడమ, కుడి అనే మాటలు తగ్గించండి

సీఎస్‌ఎస్‌లో మార్జిన్-లెఫ్ట్ బదులు మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్, టెక్స్ట్ అలైన్‌కు లెఫ్ట్ బదులు స్టార్ట్ అని రాస్తే దిశ మారినప్పుడు అవే సర్దుకుంటాయి. ఫ్లెక్స్, గ్రిడ్ లేఅవుట్లు కూడా అంతే. పాత కోడ్ కుప్పలుగా ఉంటే, గూగుల్‌లో పుట్టిన సీఎస్‌ఎస్ జానస్ లాంటి టూల్‌తో స్టైల్‌షీట్‌ను తిప్పించుకోవచ్చు. మీడియావికీ వాడేదీ అదే. తిప్పకూడని రూల్ పైన నోఫ్లిప్ అనే కామెంట్ పెడితే వదిలేస్తుంది. జావాస్క్రిప్ట్‌ను మాత్రం మీరే చూసుకోవాలి. ఆర్‌టీఎల్‌లో స్క్రోల్‌లెఫ్ట్ విలువ సున్నా నుంచి రుణాత్మకంలోకి వెళ్తుంది, ట్రాన్స్‌లేట్-ఎక్స్‌తో చేసిన యానిమేషన్లు తిరగవు.

ఐకాన్లన్నీ గుడ్డిగా తిప్పేయకండి. వెనక్కి వెళ్లే బాణం తిరగాలి. గడియారం, ప్లే బటన్, కంపెనీ లోగో తిరగకూడదు. హెల్ప్ కోసం పెట్టే ప్రశ్నార్థకం అరబిక్‌లో తిరగాలి, హీబ్రూలో తిరగకూడదు. హీబ్రూ వాళ్లు రాసే ప్రశ్నార్థకం ఇంగ్లిష్‌లో రాసేదే.

ఎడిటర్ బాక్సుకు ఎక్కువ టైమ్ అడగండి

అన్నిటికన్నా చిక్కు సోర్స్ ఎడిటింగ్‌లో ఉంటుంది. హీబ్రూ వాక్యం మధ్యలో ఇంగ్లిష్ ట్యాగులు, జంట బ్రాకెట్లు, నిలువు గీతలు వస్తే కర్సర్ ఎక్కడుందో రాసేవారికే అర్థం కాదు. మార్కప్ కీలక పదాలను హీబ్రూలోనే రాయనివ్వండి. హీబ్రూ వికీపీడియాలో రీడైరెక్ట్‌కూ, బొమ్మ థంబ్‌నెయిల్‌కూ సొంత హీబ్రూ పదాలున్నాయి, కాబట్టి సోర్స్‌లో భాషల కలగలుపు తగ్గుతుంది. కోడ్ బ్లాకులకు ఎప్పుడూ ఎడమ నుంచి కుడి దిశే ఇవ్వండి. విండోస్‌లో కుడి కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కి బాక్సు దిశ మార్చుకోవడం హీబ్రూ రాసేవారికి అలవాటు. ఆ కీలకు మీ షార్ట్‌కట్ ఏదీ కట్టకండి.

టెస్టింగ్, ఎస్టిమేట్

హీబ్రూ రాకపోయినా టెస్టింగ్ మొదలుపెట్టవచ్చు. ఇంగ్లిష్ వికీపీడియా పేజీ అడ్రస్ చివర యూజ్‌లాంగ్ పరామితికి హీబ్రూ కోడ్ హెచ్‌ఈ ఇచ్చి తెరవండి. మెనూలు హీబ్రూలోకి తిరుగుతాయి, వ్యాసం ఇంగ్లిష్‌లో ఎడమ నుంచే ఉంటుంది. మీ టూల్ ఎలా ప్రవర్తించాలో అక్కడ కళ్లారా చూడవచ్చు. మీ టెస్ట్ డేటాలో హీబ్రూ యూజర్ పేరు, బ్రాకెట్‌తో ముగిసే టైటిల్, సీ ప్లస్ ప్లస్‌తో ముగిసే హీబ్రూ వాక్యం, వెర్షన్ నంబర్, ఫోన్ నంబర్, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ తప్పనిసరిగా ఉంచండి. చివర్లో హీబ్రూ చదివేవారిని ఒకరిని అరగంట కూర్చోబెట్టండి. పీడీఎఫ్‌లో ఒత్తులు ఊడిపోయిన తెలుగు మనకు చూడగానే తెలిసినట్టే, జారిపోయిన ఫుల్‌స్టాప్ వాళ్లకు చూడగానే తెలుస్తుంది.

టికెట్‌ను డేటా, లేఅవుట్, కలగలుపు టెక్స్ట్, ఎడిటర్ అని నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి వేరుగా ఎస్టిమేట్ ఇవ్వండి. టైమ్ ఎందుకింత అని మేనేజర్ అడిగితే, ఈ పని ఒక్క హీబ్రూతో ఆగదని చెప్పండి. అరబిక్, పర్షియన్, ఉర్దూ అన్నిటికీ పునాది ఇదే. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష, 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూడా. ప్రభుత్వ పోర్టల్ ప్రాజెక్టుల్లో ఉన్నవారికి ఈ నైపుణ్యం ఇక్కడే, ఇప్పుడే అవసరం.

నేర్చుకోవాలంటే దారి తెరిచే ఉంది. మీడియావికీ బగ్గులు ఫాబ్రికేటర్ అనే బగ్ ట్రాకర్‌లో ఆర్‌టీఎల్ ట్యాగ్ కింద అందరికీ కనిపిస్తాయి, కోడ్ రివ్యూ గెరిట్‌లో బహిరంగంగా జరుగుతుంది. చిన్న ఐకాన్ బగ్ ఒకటి సరిచేసి పంపండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అది మీ పేరు మీద ఉన్న పని అవుతుంది, రివ్యూలో పెద్దలు చెప్పే సవరణలు ఏ కోర్సులోనూ దొరకవు. ఇక మీ టీమ్ కోడ్ రివ్యూ చెక్‌లిస్ట్‌లో ఈ వారమే ఒక ప్రశ్న చేర్చండి: తెరమీద పెడుతున్న ఈ టెక్స్ట్ ఏ భాషదో మన కోడ్‌కు తెలుసా?