ఒక విద్యార్థి రాసిన వ్యాసం

చదివిన విషయం నిజంగా అర్థమైందో లేదో తెలుసుకోవడానికి దానిని రాసి చూడడం కంటే మంచి పరీక్ష లేదు. చదువుతున్నప్పుడు తేటగా తోచినది కలం పట్టేసరికి మసకబారుతుంది. ఎక్కడ మసకబారిందో అక్కడ మన చదువు ఇంకా పూర్తి కాలేదని గ్రహించాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన ఒక విద్యార్థి ఈ పరీక్షకు నిలిచి, పట్టా చేతికి రాకముందే పరిశోధకుడుగా ఎదిగాడు. అతడే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోరులో జన్మించాడు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ రైల్వే లెక్కల శాఖలో ఉన్నతోద్యోగి. తల్లి సీతాలక్ష్మి ఇబ్సెన్ నాటకాన్ని తమిళంలోకి అనువదించిన విదుషీమణి. విశాఖపట్నంలో బాల్యం గడిపిన ప్రసిద్ధ శాస్త్రవేత్త సి.వి. రామన్ అతనికి పినతండ్రి. 1918లో ఆ కుటుంబం మద్రాసులో స్థిరపడింది. కొడుకు ఐ.సి.ఎస్. అధికారి కావాలని తండ్రి కోరిక. కొడుక్కి గణితమంటే ప్రాణం. తల్లి కొడుకు పక్షాన నిలిచింది. చివరికి అతడు భౌతికశాస్త్రం ఆనర్సులో చేరి, గణితం తరగతులకు కూడా వెళ్ళి కూర్చునేవాడు.

1928లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ ఆ కళాశాలకు వచ్చి ఉపన్యసించాడు. పరమాణువును గురించి ఆయన రాసిన గ్రంథాన్ని చంద్రశేఖర్ అప్పటికే స్వయంగా చదివి ఆకళించుకొన్నాడు. ఆ ధైర్యంతోనే మరునాడు ఆయన బస చేసిన హోటలుకు వెళ్ళి కలుసుకొన్నాడు. కాని అక్కడ విన్న మాట వేరు. ఆ గ్రంథం వెలువడిన తరువాత భౌతికశాస్త్రం పూర్తిగా మారిపోయిందనీ, ష్రోడింగర్, హైజెన్‌బర్గ్, డిరాక్ మొదలైనవారు కొత్త సిద్ధాంతాలను స్థాపించారనీ సోమర్‌ఫెల్డ్ చెప్పాడు.

కష్టపడి నేర్చుకొన్నదంతా పాతబడిందని తెలిస్తే ఎవరికైనా మనసు కుంగుతుంది. అయితే సోమర్‌ఫెల్డ్ ఆ కుర్రవాణ్ణి వట్టి చేతులతో పంపలేదు. లోహాలలోని ఎలక్ట్రానులను గురించి తాను రాసిన, ఇంకా అచ్చుకాని వ్యాసం ప్రూఫులను అతని చేతిలో పెట్టాడు. ఆ కాగితాలే చంద్రశేఖర్‌కు కొత్త పాఠ్యపుస్తకమయ్యాయి.

ఎక్స్ కిరణాలు ఎలక్ట్రానులను ఢీకొన్నప్పుడు కొంత శక్తిని కోల్పోతాయని కాంప్టన్ 1923లో కనుగొన్నాడు. ఏ రెండు ఎలక్ట్రానులూ ఒకే స్థితిలో ఉండవనే సూత్రాన్ని ఆధారం చేసుకొని ఫెర్మీ, డిరాక్ 1926లో కొత్త గణన పద్ధతిని రూపొందించారు. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానంగా చంద్రశేఖర్ ఒక పరిశోధన వ్యాసం రాశాడు.

పరీక్షలో రాసే జవాబు వేరు, పరిశోధన వ్యాసం వేరు. జవాబు చదివే ఉపాధ్యాయునికి విషయం ముందే తెలుసు. పరిశోధన వ్యాసాన్ని చదివేవారికి రచయిత ఎవరో తెలియదు. అతని వయస్సు, ఊరు, బంధుత్వాలు వారికి అక్కరలేదు. వారి ముందు ఉండేది కాగితం మీది మాట ఒక్కటే. అందుచేత పూర్వులు ఎంతవరకు చెప్పారో, తాను కొత్తగా చెప్పేదేమిటో, దానికి ఆధారమేమిటో వరుసగా, తేటగా చెప్పాలి. మెట్టు తప్పితే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

ఆ రోజుల్లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం అచ్చు కావాలంటే ఆ సంఘ సభ్యుడొకరు దానిని సమర్పించవలసి ఉండేది. చంద్రశేఖర్‌కు కేంబ్రిడ్జిలో ఎవరూ తెలియదు. కాని కొత్త గణన పద్ధతిని నక్షత్రాలకు అన్వయిస్తూ రాల్ఫ్ ఫౌలర్ రాసిన వ్యాసం అతని కంటపడింది. 1929 జనవరిలో ఆయనకే తన రచనను పంపాడు. ఫౌలర్ దానిని చదివి కొన్ని మార్పులు సూచించాడు. చంద్రశేఖర్ వాటిని అంగీకరించి వ్యాసాన్ని సవరించాడు. అదే సంవత్సరం అది అచ్చయింది. 1930 జనవరిలో అలహాబాదు సైన్స్ కాంగ్రెసుకు వెళ్ళినప్పుడు, మేఘనాథ్ సాహా అంతటివాడు ఆ వ్యాసాన్ని చదివి ఉన్నాడని అతనికి తెలిసింది.

ఆ ఏడే ఆనర్సు పూర్తిచేసిన చంద్రశేఖర్‌కు ఇంగ్లండులో చదవడానికి ప్రభుత్వ విద్యార్థి వేతనం లభించింది. అప్పుడు తల్లి జబ్బుతో మంచం పట్టి ఉంది. అటువంటి తల్లిని విడిచి వెళ్ళడమెలా? వెళ్ళమని ప్రోత్సహించింది ఆ తల్లే. 1930 జూలై 31న అతడు బొంబాయిలో ఓడ ఎక్కాడు. మరుసటి సంవత్సరం మే నెలలో ఆమె కన్నుమూసింది. కొడుకు ఆమెను మళ్ళీ చూడలేకపోయాడు.

ఓడ ప్రయాణంలోనే అతడు ఫౌలర్ సిద్ధాంతానికి సాపేక్షతను జోడించి లెక్కలు కట్టాడు. శ్వేత కుబ్జ నక్షత్రాల ద్రవ్యరాశికి ఒక హద్దు ఉందని తేలింది. సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లుగా నేడు లెక్కిస్తున్న ఆ హద్దునే ‘చంద్రశేఖర్ పరిమితి’ అంటారు.

తరువాత ఆయన ఒక్కొక్క రంగంలో కొన్నేళ్ళు కృషిచేసి, దానిపై సమగ్రమైన గ్రంథం రాసి, మరొక రంగంలో అడుగుపెట్టేవారు. వాక్యం ఎలా నడవాలో తెలుసుకోవడానికి వర్జీనియా వుల్ఫ్ వంటి సాహిత్యకారుల రచనలను శ్రద్ధగా పరిశీలించారు. 1952 నుంచి 1971 వరకు ఖగోళ భౌతికశాస్త్ర పత్రికకు సంపాదకులుగా ఉండి ఇతరుల వ్యాసాలను పరిశీలించారు. 1983లో మరొక శాస్త్రవేత్తతో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు. 1995లో చికాగోలో మరణించారు.

ఒకనాడు తన వ్యాసాన్ని దిద్దించుకొన్న విద్యార్థి పెద్దవాడై ఇతరుల వ్యాసాలను దిద్దాడు. దిద్దుబాటును అవమానంగా భావించనివాడే రాయడం నేర్చుకొంటాడు.

పదాలు – అర్థాలు
విదుషీమణి = గొప్ప చదువరి అయిన స్త్రీ
ఆకళించుకొను = బాగా అర్థం చేసుకొను
శ్వేత కుబ్జం = ఇంధనం తరిగి, కుంచించుకుపోయిన చిన్న తెల్లని నక్షత్రం

ప్రశ్నలు
1. సోమర్‌ఫెల్డ్ మాటలు చంద్రశేఖర్ చదువును ఏవిధంగా మార్చాయి?
2. పరీక్షలో రాసే జవాబుకూ పరిశోధన వ్యాసానికీ గల భేదమేమిటి?
3. మీ ఊరి చెరువును గాని, సంతను గాని స్వయంగా పరిశీలించి, ఆ ఊరు ఎరుగనివారికి అర్థమయ్యేలా పది వాక్యాలు రాయండి. మిత్రునిచేత చదివించి, అతనికి అర్థం కాని వాక్యాలను తిరగరాయండి.