మంచిగ ఉన్నప్పుడే గోళీ

"నాకేమైంది, మంచిగనే ఉన్న." యాచారం మండలంలో నడివయసు వాళ్లతో బీపీ మాటెత్తితే తరచూ వినబడే జవాబు ఇదే. అందులో అబద్ధం లేదు. పొద్దున్నే చేనుకు పోతున్నారు, ఆకలవుతోంది, నిద్ర పడుతోంది. పై అంకె 160 దాటినా చాలామందికి తలనొప్పి కూడా రాదు. లోపల మాత్రం మెదడు, గుండె, కిడ్నీల రక్తనాళాలు ఏళ్ల తరబడి దెబ్బతింటుంటాయి. పక్షవాతం వచ్చాకే బీపీ సంగతి తెలిసిన ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి.

వ్యక్తిత్వ వికాసం అనగానే నలుగురిలో ధైర్యంగా మాట్లాడటం, కోపాన్ని అణచుకోవడం గుర్తొస్తాయి. నడివయసులో అసలు పరీక్ష అది కాదనిపిస్తుంది నాకు. ఏ బాధా లేని రోజున, ఎవరూ మెచ్చుకోని పనిని మానకుండా చేయగలమా అన్నదే పరీక్ష. బీపీ గోళీ సరిగ్గా అలాంటిది. వేసుకుంటే హుషారు రాదు, ఒక్కపూట మానితే ఏమీ తెలియదు. నెల తర్వాత 130/80 వస్తే, తగ్గింది కదా అని ఆపేస్తారు. తగ్గించింది ఆ గోళీయే. ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు. చెప్పకుండా మానేయడమే ప్రమాదం.

2017 నవంబరులో దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి 5 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఖరీదైన యంత్రాలేమీ లేవు అందులో. అందరికీ ఒకే చికిత్స పద్ధతి, ఇంటికి దగ్గర్లో ఉచితంగా మందు, మందుకు రాని మనిషిని గుర్తుపట్టి పిలిచే రికార్డు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పిలిస్తే విసుక్కోకండి.

కొలిపించుకోవడంలోనూ ఓపిక కావాలి. బండి దిగి, చాయ్ తాగి, నేరుగా చెయ్యి చాపితే అంకె ఎక్కువే వస్తుంది. 5 నిమిషాలు కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు మోపి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది బీపీయే.

బీపీ అనగానే దిగులు మానమంటారు. కానీ ప్రభుత్వం తలపెట్టిన ఫార్మాసిటీకి భూములు పోయిన, ఇదే మండలంలోని మేడిపల్లి, కుర్మిద్ద వైపు మనిషికి "టెన్షన్ పడకు" అని చెప్పడం అన్యాయం. ఆ దిగులు తీర్చే గోళీ లేదు. దానికి తోడు బీపీని కూడా మోయాల్సిన పని మాత్రం లేదు.

ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాములు దాటకూడదు, అంటే చిన్న చెంచాడు. కూరలోది సరే, అందరూ మరిచిపోయేది తొక్కు, అప్పడం, మజ్జిగలో వేసుకునే చిటికెడు.

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. నాట్లు వేసి, కలుపు తీసి మోకాళ్లు నొప్పెడితే మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగేస్తారు. ఇలాంటి నొప్పి గోళీలు రోజూ వాడితే బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. అప్పుడు బీపీ మందే పనిచేయడం లేదనుకుని దాన్ని మానేస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నొప్పికి వాడుతున్న గోళీల పట్టీలు కూడా సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.