ముఖమునకు కావలి : త్రిధార నాడి

నాయుడుపేటకు దక్షిణముగా, దొరవారిసత్రం మండలములో నేలపట్టు చెరువు ఉన్నది. దానిని 1976లో ప్రభుత్వము పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించినది. వానలు కురిసి చెరువు నిండిన పిమ్మట గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు మున్నగు పక్షులు వచ్చి అచటి చెట్లపై గూళ్లు కట్టుకొనును. వానిలో పసుపుపచ్చని పొడవాటి ముక్కు, తోకవైపు గులాబిరంగు ఈకలు గల కొంగ యొకటి కలదు. పక్షిశాస్త్రజ్ఞులు దానిని పెయింటెడ్ స్టార్క్ అందురు.

ఈ కొంగ మేత మేయు తీరును మన రైతులు చూచియే యుందురు. అది లోతులేని నీటిలో నిలిచి, ముక్కును కొంచెము తెరచి నీట ముంచి, అటునిటు త్రిప్పుచుండును. బురదనీటిలో చేప కంటికి కానరాదు. అయినను చేప ముక్కునకు తగిలిన తక్షణమే ముక్కు టక్కున మూసుకొనును. ఈ కుటుంబమునకే చెందిన అమెరికా కొంగను 1960వ దశకములో పరీక్షించిన శాస్త్రజ్ఞులు, చేప తగులుటకును ముక్కు మూసుకొనుటకును నడుమ సెకనులో సుమారు 40వ వంతు కాలమే పట్టునని కనుగొనిరి. కన్ను చూడలేని చేపను ఆ పక్షికి పట్టి యిచ్చునది స్పర్శజ్ఞానము. ఆ స్పర్శను మెదడునకు చేరవేయు నాడియే మన ముఖములోను ఉన్నది. దాని పేరు త్రిధార నాడి. వైద్యులు ట్రైజెమినల్ నాడి అందురు.

ఈ నాడి మనకు చేయు మేలు ఎట్టిదో, అది మూగవోయినను, తప్పుగా పలికినను కలుగు కీడు ఎట్టిదో ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

మూడు శాఖలు

మెదడు నుండి వెలువడు కపాల నాడులు 12 జతలు. వానిలో అయిదవది త్రిధార నాడి. కుడి ముఖమునకు ఒకటి, ఎడమ ముఖమునకు ఒకటి కలవు. చెవికి ముందువైపున, పుఱ్ఱె అడుగుభాగమున ఈ నాడికి ఒక కణుపు ఉన్నది. అచటి నుండి అది మూడు కాలువలుగా చీలును.

మొదటిది నేత్రశాఖ. నడినెత్తి వరకు గల మాడు, నుదురు, పైరెప్ప, కంటి నల్లగ్రుడ్డుపై నుండు తేటపొర, ముక్కు దూలము, ముక్కు కొన దీని అధీనము. రెండవది పైదవడ శాఖ. క్రిందిరెప్ప, చెంప, పైపెదవి, పైపండ్లు, అంగిలి దీనివి. మూడవది క్రిందిదవడ శాఖ. క్రిందిపెదవి, గడ్డము, క్రిందిపండ్లు, నాలుక ముందుభాగపు స్పర్శ దీనివి. నమలుటకు పనికివచ్చు కండరములను కదలించునదియు ఈ శాఖయే. దవడ మూలకు మాత్రము మెడ నుండి వచ్చు నాడులు స్పర్శ నిచ్చును.

నవ్వుటకు, కన్ను మూయుటకు తోడ్పడునది ఏడవ నాడి. కావున మూతి వంకరపోయినచో అది త్రిధార నాడి దోషమని భ్రమపడరాదు. అట్టిది హఠాత్తుగా సంభవించిన యెడల పక్షవాతము కూడ కావచ్చును గనుక తక్షణమే వైద్యునికి చూపవలెను.

పెదవికి గల నేర్పు

ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. రెండు చీపురుపుల్లల మొనలను మొద్దుచేసి, వానిని బియ్యపుగింజ పొడవంత ఎడముగా పట్టుకొనుడు. ఒకరు కన్నులు మూసుకొని యుండగా వారి పెదవికి రెండింటిని ఒకేసారి మెల్లగా తాకింపుడు. రెండు తాకినవని వారు చెప్పగలరు. అంతే ఎడముతో వీపుపై తాకించినచో ఒక్కటే తాకినదందురు. కారణ మేమి? పెదవిలో స్పర్శను గ్రహించు నాడీకొనలు దట్టముగా నున్నవి. మెదడులో కూడ పెదవులకును నాలుకకును వాని పరిమాణమునకు మించిన చోటు కేటాయింపబడి యున్నది.

పండ్ల విషయము మరింత వింతయైనది. పన్ను ఎముకలో మేకువలె బిగుసుకొని యుండదు. పంటి వేరునకు, ఎముకకు నడుమ సన్నని నారల పొర కలదు. పంటిక్రింద ఇసుకరేణువు పడినను ఆ నారలు రవ్వంత కదలును. వానిలోని నాడీకొనలు ఆ వార్తను మెదడునకు పంపును. వెంటనే దవడ ఆగిపోవును. అన్నములో వెంట్రుక యున్నను తెలిసికొనగల శక్తి నోటికి ఇట్లు అబ్బినది. పన్ను పోయినచో నమలు సాధనముతో పాటు ఈ కావలియు పోవును. కట్టుడుపన్ను నమలును గాని ఇంత సూక్ష్మముగా తెలిసికొనలేదు.

తాకిడి నాడీసంకేతముగా మారు విధమేమి? నాడీకొన పొరలో మిక్కిలి చిన్న ద్వారములు కలవు. పొర ఒత్తిడికి సాగినపుడు అవి తెరచుకొని, విద్యుత్కణములను లోనికి విడుచును. అందుచే సంకేతము పుట్టును. పీజో అను ఈ ద్వారములను ఆర్డెమ్ పటపౌటియన్ అను శాస్త్రజ్ఞుని బృందము 2010లో వెల్లడించినది. మిరపకారమునకును వేడికిని స్పందించు ద్వారమును డేవిడ్ జూలియస్ బృందము 1997లో గుర్తించినది. వీరిరువురకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. మన గుంటూరు మిరప మంట నిజమునకు రుచి కాదు. త్రిధార నాడి మున్నగు నాడులు పంపు బాధాసంకేతము. కనుకనే కారము కంటిలో పడినను మండును.

కావలి మూగవోయినప్పుడు

నూర్పిడివేళ కంటిలో పొట్టు పడినచో రెప్ప మనము తలపకయే మూసుకొనును, నీరు కారును. త్రిధార నాడి కబురు పంపగా ఏడవ నాడి రెప్పను మూయును. ఆ కబురే రాకున్నచో పొట్టు కంటిలోనే నిలిచి రాచుకొని పుండగును. తుదకు చూపు పోవును. కుష్ఠువ్యాధిలో ఇట్టి ప్రమాదము కలదు.

చిత్తూరు సరిహద్దునకు చేరువనున్న వెల్లూరులో ఈ సంగతిపై గొప్ప కృషి జరిగినది. శస్త్రవైద్యుడు డాక్టరు పాల్ బ్రాండ్ 1946లో అచటి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిరి. కుష్ఠువ్యాధిగ్రస్తుల వ్రేళ్లు వాటంతటవి కుళ్లి రాలుట లేదనియు, స్పర్శ పోయినందున తెలియక తగిలిన గాయములే ఆ నష్టమునకు మూలమనియు ఆయన చాటిరి. ఆయన సతీమణి, నేత్రవైద్యురాలు డాక్టరు మార్గరెట్ బ్రాండ్ ఈ రోగుల కన్నులను కాపాడుటకు పాటుపడిరి. బాధ లేకపోవుట వరము కాదని వారి కృషి లోకమునకు తెలిపినది.

నేడు కుష్ఠువ్యాధి పూర్తిగా నయమగును. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స మన దేశములో ఉచితముగా లభించుచున్నది. 2005లో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని దేశము ప్రకటించినను, క్రొత్త రోగులు ఏటేట బయటపడుచునే యున్నారు. ముఖముపైనగాని ఒంటిపైనగాని స్పర్శ తెలియని మచ్చ కనబడినచో దాచుకొనక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపుడు. ఆలస్యమైన కొలది నాడికి కలిగిన నష్టము తిరిగి రాదు.

ఇక దంతవైద్యుడు మత్తుసూది వేసినపుడు పెదవి కొన్ని గంటలు మొద్దుబారును. ఆ సమయమున పిల్లలు పెదవిని తెలియక కొరికి గాయపరచుకొందురు. మత్తు విడుచువరకు అన్నము పెట్టరాదు. వేడి పానీయములు ఈయరాదు.

కావలి తప్పుగా కేకవేసినప్పుడు

కొందరికి, ముఖ్యముగా 50 ఏండ్లు దాటినవారికి, ముఖమున ఒకవైపు విద్యుత్తు కొట్టినట్లు తీవ్రమైన పోటు వచ్చును. అది కొన్ని క్షణములు మాత్రమే యుండి మరల మరల వచ్చుచుండును. ముఖము కడుగుకొన్నను, గాలి సోకినను, పండ్లు తోముకొన్నను మొదలగును. పెక్కుమందిలో, మెదడు చెంత ఈ నాడి మొదలును రక్తనాళ మొకటి ఒత్తుటయే దీనికి కారణము. నాడిపై నుండు తొడుగు అరిగి, మెత్తని తాకిడి సయితము బాధగా మెదడునకు చేరును.

పోటు పండ్లవద్ద తోచుటచే రోగి పన్ను పీకించుకొనును. పోటు తగ్గదు. పక్కపన్నును పీకించుకొనును. అప్పటికిని తగ్గదు. మంచి పండ్లు నష్టమగును గాని రోగము రోగముగనే యుండును. కావున పంటిలో పుచ్చుగాని వాపుగాని లేకయే ఇట్టి పోటు వచ్చుచున్నచో, పీకించుకొనుటకు ముందు నాడీవైద్యుని సలహా పొందవలెను. తిరుపతిలోని స్విమ్స్‌లో నాడీవ్యాధుల విభాగము కలదు. కార్బమజెపైన్ అను మందు 1960వ దశకము నుండి ఈ బాధకు వాడుకలో నున్నది. దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. మందుతో తగ్గనివారికి శస్త్రచికిత్స కూడ కలదు.

మరియొకటి అక్కి. చిన్ననాడు ఆటలమ్మ పోసినవారిలో ఆ వ్యాధి క్రిమి నాడీకణుపులలో నిద్రించుచుండి, వయసు మీరినపుడో బలము తగ్గినపుడో మేల్కొనును. నుదుటిపై ఒకేవైపు మంట, దానివెంట నీటిపొక్కులు వచ్చినచో నేత్రశాఖకు సోకినదని తెలిసికొనవలెను. ముక్కు కొనపై పొక్కులు లేచినచో కంటికి ముప్పు హెచ్చు. మన ప్రాంతమున కుమ్మరిచేత అక్కి వ్రాయించుకొను ఆచారము తరతరములుగా నున్నది. ఆ నమ్మకమును మేము నిందింపము. అయితే క్రిమిని అణచు మందును పొక్కులు లేచిన 72 గంటలలోపున మొదలిడిననే మంచి ఫలితము కలుగును. వ్రాయించుకొనుటలో ఆ గడువు దాటిపోరాదు. ముందుగా వైద్యునివద్దకు పోవుడు.

బాధ కలిగినపుడు దానిని శత్రువుగా భావించుట సహజము. కాని త్రిధార నాడి పగలు రాత్రి మన కన్నును, నోటిని కాచుచున్న సేవకుడు. అది మూగవోయిన చోట కన్నుతో చూచి కాపాడుకొనవలెను. అది అకారణముగా కేకవేసిన చోట కారణమును విచారింపవలెను. స్పర్శ తెలియని మచ్చను, పుచ్చులేని పంటిపోటును, నుదుటిపై అక్కిని ఉపేక్షింపకుండుటయే చదువరులకు మా మనవి.